దీర్ఘ ప్రయాణానికి ఏ కెమెరా: డిజిటలా, ఫిల్మా?

వారం రోజుల విహారానికి ఏ కెమెరా తీసుకెళ్లినా పెద్దగా తేడా రాదు. నెలల తరబడి ఊళ్లూ, దేశాలూ, ఋతువులూ మారుతూ సాగే ప్రయాణం అలాంటిది కాదు. అక్కడ కెమెరా ప్రతి రోజూ భుజాన ఉంటుంది, ఎండకూ వానకూ దుమ్ముకూ ఓర్చుకోవాలి, పాడైతే బాగుచేయించే మనిషి దొరకాలి. ఇంతకంటే ముఖ్యంగా, తీసిన చిత్రాలు నెలల పాటు మనతోనే తిరగాలి. చాలామంది ఈ ఎంపికను చిత్రం నాణ్యతతో మొదలుపెడతారు. నా దృష్టిలో అది చివరగా ఆలోచించవలసిన విషయం. షట్టర్ నొక్కిన క్షణం నుంచి భద్రంగా ఇల్లు చేరేదాకా ఆ చిత్రం ఎక్కడెక్కడ ఉంటుంది, ఎవరెవరి చేతులు మారుతుంది, దారిలో దానికి ఏమేమి జరగవచ్చు అన్నది ముందుగా తేల్చుకోవాలి. అది తేలితే డిజిటలా, ఫిల్మా అన్నది దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

నాణ్యత గురించి క్లుప్తంగా చెప్పి పక్కన పెడతాను. 35 ఎంఎం ఫిల్మ్‌పై ఒక్కో చిత్రం 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరా సెన్సార్ కొలత కూడా అంతే. సూక్ష్మ వివరాల్లోనూ, చీకట్లోనూ నేటి సెన్సార్లదే పైచేయి. వెలుగు తగ్గినప్పుడు ఐఎస్ఓను, అంటే వెలుగుకు స్పందించే తీవ్రతను సూచించే అంకెను, ఒక చిత్రం నుంచి మరో చిత్రానికి మార్చుకోవచ్చు. ఫిల్మ్‌లో రీలు పూర్తయ్యేదాకా ఒకటే ఐఎస్ఓ. మరోవైపు, కలర్ నెగటివ్ ఫిల్మ్ అవసరానికి మించిన వెలుగును బాగా తట్టుకుంటుంది, తెల్లని మేఘం, సున్నం వేసిన గోడ వంటి చోట్ల వివరం నెమ్మదిగా కరుగుతుంది కాని ఒక్కసారిగా తెగిపోదు. డిజిటల్‌లో నీడల నుంచి వివరాన్ని వెలికి తీయవచ్చు కాని, పూర్తిగా తెల్లబడిపోయిన భాగంలో తీయడానికి ఏమీ మిగలదు. అందుకే ఫిల్మ్ వాడేవారు నీడకు వెలుగు కొలుస్తారు, డిజిటల్ వాడేవారు వెలుగు భాగాన్ని కాపాడుకుంటారు. ఈ అలవాటు పట్టుబడితే రెండింటితోనూ ఏళ్ల తరబడి చూసుకోదగిన చిత్రాలు వస్తాయి.

ఫిల్మ్ దారిలో ఎదురయ్యేవి

కడగని ఫిల్మ్ అంటే ఇంకా పూర్తికాని రసాయన చర్య. వెలుగు సోకిన వెండి లవణాల మీద కంటికి కనిపించని గుప్త చిత్రం ఏర్పడుతుంది. రీలు కడిగేదాకా అది వేడికీ, చెమ్మకూ, ఎక్స్-రేలకూ లోబడి ఉంటుంది. దీర్ఘ ప్రయాణంలో ఈ మూడూ తప్పవు కనుక, ఫిల్మ్ ఎంచుకునేవారు ఒక్కొక్కదానికీ ముందుగానే మార్గం ఆలోచించుకోవాలి.

అన్నిటికంటే గట్టి చిక్కు విమానాశ్రయాల్లో ఉంది. చెక్-ఇన్ సామానును పరీక్షించే యంత్రాల శక్తి ఎక్కువ. ఫిల్మ్‌ను అందులో ఎప్పుడూ వేయకూడదు, ఇందులో మినహాయింపు లేదు. చేతి సంచుల దగ్గర రెండు రకాల యంత్రాలు ఉంటాయి. పాతకాలపు ఎక్స్-రే యంత్రం గుండా ఐఎస్ఓ 400, అంతకు తక్కువ ఫిల్మ్ కొన్ని సార్లు వెళ్లినా కంటికి తెలిసేంత నష్టం సాధారణంగా జరగదు. అయితే ఆ ప్రభావం ప్రతిసారీ పేరుకుంటూ పోతుంది కనుక, వరుసగా విమానాలు ఎక్కే ప్రయాణికుడికి ఈ ఊరట పూర్తిగా వర్తించదు. చాలా విమానాశ్రయాల్లో వీటి స్థానంలోకి వస్తున్న సీటీ స్కానర్లు సంచి చుట్టూ తిరుగుతూ అన్ని కోణాల నుంచీ కిరణాలు పంపుతాయి. వాటి గుండా ఒక్కసారి వెళ్లినా ఫిల్మ్‌పై మసక కమ్మే ప్రమాదం ఉంది. కోడాక్, ఇల్‌ఫర్డ్ సంస్థలు రెండూ కడగని ఫిల్మ్‌ను సీటీ స్కానర్లలో పెట్టవద్దనే హెచ్చరించాయి. సీసపు పూత ఉన్న సంచులను నమ్ముకోవద్దు. లోపల ఏముందో కనిపించకపోతే సిబ్బంది ఆ సంచి తెరిపించి, రీళ్లను బయటికి తీయించి మళ్లీ యంత్రంలో పెట్టిస్తారు.

కాబట్టి చేతితో తనిఖీ చేయమని అడగడం ఒక్కటే మార్గం. అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. రీళ్లను అట్టపెట్టెల నుంచీ, లోపల కనిపించని నల్లని డబ్బాల నుంచీ ముందురోజు రాత్రే బయటికి తీసి, అన్నిటినీ ఒక పారదర్శకమైన జిప్ సంచిలో, ఐఎస్ఓ అంకెలు పైకి కనిపించేలా సర్దుకోవాలి. ఐఎస్ఓ 3200 రీలు ఉంటే అన్నిటికంటే పైన పెట్టాలి. దాన్ని చూపిస్తే సిబ్బందికి విషయం త్వరగా అర్థమవుతుంది. కెమెరాలో సగం వాడిన రీలు ఉంటే విమానాశ్రయానికి బయలుదేరేముందే పూర్తిచేయడం గాని, వెనక్కి చుట్టేయడం గాని చేయాలి. లేకుంటే సంచిలోని రీళ్లన్నీ బయటపడి, కెమెరాలోని ఒక్కటీ యంత్రం పాలవుతుంది. వరుసలో మన వంతు రాకముందే, సంచి పట్టాపై పెట్టకముందే, మర్యాదగా అడగాలి. అమెరికాలో చేతి తనిఖీ కోరే వీలును విమానాశ్రయ భద్రత చూసే టీఎస్‌ఏ నియమాలే కల్పిస్తున్నాయి. మిగిలిన చాలా చోట్ల అది అక్కడి అధికారి ఇష్టం, కొన్ని చోట్ల నిరాకరిస్తారు కూడా. ఆ నిరాకరణ ఏదో ఒక రోజు ఎదురవుతుందన్న లెక్కతోనే ఫిల్మ్ ప్రయాణాన్ని వేసుకోవాలి.

దీనికి నేను నమ్మే ఉపాయం ఒకటే: కడగని రీళ్లను పోగుచేయకుండా, దారిలోనే కడిగిస్తూ సాగడం. ఒకసారి కడిగిన నెగటివ్‌ను ఎక్స్-రే ఏమీ చేయదు. నెలకో, రెండు నెలలకో ఒకసారి పెద్ద నగరంలో నాలుగైదు రోజులు ఆగేలా ప్రయాణ పటం గీసుకుని, అక్కడ మంచి ల్యాబ్‌లో రీళ్లు కడిగించి, స్కాన్లు తీసుకుని, నెగటివ్‌లను ఇంటికి పంపేస్తే బరువూ భయమూ రెండూ తగ్గుతాయి. కడగని రీళ్లను విదేశాల నుంచి పార్సిల్‌లో పంపడం మాత్రం నేను సూచించను. పార్సిళ్లను కూడా ఎక్స్-రే తీస్తారు, అక్కడ చేతి తనిఖీ అడగడానికి మనం ఉండము.

ఏ ఫిల్మ్ కొనాలన్నది కూడా ఈ కడగడం మీదే ఆధారపడుతుంది. సాధారణ కలర్ నెగటివ్‌లన్నీ సి-41 అనే ఒకే పద్ధతిలో కడుగుతారు కనుక, కోడాక్ గోల్డ్ 200 అయినా పోర్ట్రా 400 అయినా ల్యాబ్‌కు తేడా లేదు. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కోడాక్ ట్రై-ఎక్స్ వంటి నలుపు తెలుపు ఫిల్మ్‌లకు వేరే రసాయనాలు కావాలి, అన్ని ల్యాబ్‌లూ అవి చేయవు. నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల చిత్రమే వచ్చే స్లైడ్ ఫిల్మ్‌కు కావలసిన ఈ-6 పద్ధతి మరీ అరుదు. పైగా స్లైడ్ ఫిల్మ్ వెలుగు కొలతలో చిన్న తప్పును కూడా క్షమించదు. కోడాక్రోమ్ అనే స్లైడ్ ఫిల్మ్ చరిత్ర ఇక్కడ గుర్తుంచుకోదగినది. 2009లో కోడాక్ ఆ ఫిల్మ్‌ను ఆపేసింది. దాన్ని కడిగే చివరి ల్యాబ్ కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్‌లో ఉండేది, అది 2010 డిసెంబర్ 30తో రీళ్లు స్వీకరించడం మానేసింది. ఆ తరువాత బయటపడిన రీళ్లను అసలైన రంగుల్లో కడిగే చోటే లేకుండా పోయింది. ఎంత అందమైన ఫిల్మ్ అయినా కడిగే చోటు మన దారిలో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

వేడి విషయంలో జాగ్రత్తలు సులువే కాని నిత్యం పాటించాలి. ఎక్కువ కాలం నిల్వ ఉంచే కలర్ ఫిల్మ్‌కు 13 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లదనం మంచిది. ప్రయాణంలో అది కుదరదు కనుక, రీళ్లను సంచి మధ్యలో బట్టల నడుమ ఉంచడం, ఆగి ఉన్న వాహనంలో ఎన్నడూ వదలకపోవడం అలవాటు చేసుకోవాలి. బస చేసిన చోట ఫ్రిజ్ ఉంటే మూసిన డబ్బాల్లో పెట్టుకోవచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా గంటకు పైగా ఆగి అప్పుడే డబ్బా తెరవాలి, లేకుంటే చల్లని ఫిల్మ్‌పై నీటి ఆవిరి పేరుకుంటుంది.

డిజిటల్ దారిలో ఎదురయ్యేవి

డిజిటల్‌కు రసాయనాల బెడద లేదు, ఎక్స్-రే భయమూ లేదు. దాని బలహీనతలు రెండు: విద్యుత్తు, నకళ్లు. రోజుకు 100 చిత్రాలు, ఒక్కో రా ఫైలు (సెన్సార్ నమోదు చేసిన మొత్తం సమాచారం ఉండే ఫైలు) 30 మెగాబైట్లు అనుకుంటే, ఆరు నెలలకు 18,000 చిత్రాలు, సుమారు 540 గిగాబైట్లు అవుతాయి. ఈ మొత్తం ఎస్‌ఎస్‌డీ అనే ఒక చిన్న నిల్వ డ్రైవ్‌లో పట్టేస్తుంది, అందువల్ల నిల్వ ఇప్పుడు సమస్య కాదు. ఆ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే మాత్రం సమస్యే. మూడు నకళ్లు, రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి మనకు దూరంగా ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే సూత్రం. ప్రయాణంలో దాన్ని ఇలా అమలుచేయవచ్చు. రాత్రి పడుకునేముందు కార్డులోని చిత్రాలను ఎస్‌ఎస్‌డీకి ఎక్కించాలి. ఎక్కాయని తెరపై కనిపించినంత మాత్రాన తృప్తి పడకుండా, ఎస్‌ఎస్‌డీ నుంచే మొదటి, మధ్య, చివరి చిత్రాలను తెరిచి, పూర్తి సైజుకు పెంచి చూడాలి. తరువాత మరో డ్రైవ్‌కు రెండో నకలు తీసి, దాన్ని వేరే సంచిలో, వీలైతే తోటి ప్రయాణికుడి సంచిలో పెట్టాలి. ఈ రెండూ అయ్యేదాకా కార్డును ఫార్మాట్ చేయకూడదు. మూడో నకలు ఇంటర్నెట్‌లో ఉండాలి. పెద్ద ఫైళ్లు ఎక్కించేంత వేగం అన్ని చోట్లా దొరకదు కనుక, ఆ రోజు చిత్రాల్లో మంచివి ఎంచి, చిన్న జేపెగ్‌లుగా అయినా ఆ రాత్రే పంపేయాలి. రెండు కార్డులు పట్టే కెమెరా ఉంటే, రెండిటిలోనూ ఒకేసారి రాసేలా అమర్చుకుంటే ఆ మొదటి కొన్ని గంటల ప్రమాదం కూడా తప్పుతుంది.

ఈ విషయంలో ఫిల్మ్ వైపు ఒక నిజం ఒప్పుకోవాలి. కడగని రీలుకు నకలు అనేదే లేదు. సంచి పోతే అందులోని నెలలన్నీ పోయినట్టే. దొంగతనాలు జరిగే దారుల్లో తిరిగేవారికి ఇదొక్కటే డిజిటల్ ఎంచుకోవడానికి తగిన కారణమని నా అభిప్రాయం.

విద్యుత్తు విషయానికి వస్తే, యూఎస్‌బీ-సి ద్వారా నేరుగా ఛార్జ్ అయ్యే కెమెరా అయితే ఫోన్ ఛార్జరే దానికీ సరిపోతుంది. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. 100 వాట్-అవర్లకు మించితే విమాన సంస్థ అనుమతి కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌ను 3.7 వోల్టులతో లెక్కిస్తే 74 వాట్-అవర్లు వస్తుంది, అది పరిమితి లోపలే. కొన్ని విమాన సంస్థలు పవర్ బ్యాంకుల సంఖ్య పైనా, వాడకం పైనా సొంత నియమాలు పెడుతున్నాయి కనుక టికెట్టుతో పాటు వాటినీ చదువుకోవాలి. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు మనం దృశ్యాన్ని చూసేటప్పుడు కూడా తెరను వెలిగించి ఉంచుతాయి, అందువల్ల రోజంతా తిరిగేవారికి కనీసం మూడు బ్యాటరీలు అవసరం. చలి ప్రదేశాల్లో బ్యాటరీ శక్తి త్వరగా పడిపోతుంది. అప్పుడు విడి బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉంచుకుని మార్చుకుంటూ ఉండాలి.

ఫిల్మ్ కెమెరా కొనేముందు

ఫిల్మ్ నిర్ణయించుకున్నవారికి కెమెరా ఎంపికలో ఒక గట్టి సలహా: పూర్తిగా యాంత్రికమైనది తీసుకోండి. 1972లో వచ్చిన ఒలింపస్ ఓఎం-1, 1976 నాటి పెంటాక్స్ కె1000, 1982 నాటి నికాన్ ఎఫ్ఎం2 బ్యాటరీ లేకున్నా అన్ని షట్టర్ వేగాలతోనూ పనిచేస్తాయి. బ్యాటరీ కావలసింది వెలుగు కొలిచే లైట్ మీటర్‌కు మాత్రమే. అదే 1976లో వచ్చిన కెనాన్ ఏఈ-1లో షట్టర్ ఎలక్ట్రానిక్, బ్యాటరీ అయిపోతే కెమెరా మొత్తం ఆగిపోతుంది. ఓఎం-1 మీటర్ 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి తయారైంది. అవి ఇప్పుడు అమ్మకంలో లేవు, 1.5 వోల్టులది వేస్తే కొలత తప్పుతుంది. మీటర్ సవరించిన కెమెరా దొరికితే తప్ప, ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌ను నమ్ముకోవాలి. కాంటాక్స్ టీ2 వంటి చిన్న ఆటోమేటిక్ కెమెరాలు ఎంత ముచ్చటగా ఉన్నా, లోపలి ఎలక్ట్రానిక్ భాగం పాడైతే విడిభాగాలు దొరకడం కష్టం. దీర్ఘ ప్రయాణానికి వాటిని నేను సిఫారసు చేయను. కొత్త కెమెరానే కావాలనుకునేవారికి 2024లో వచ్చిన పెంటాక్స్ 17 ఉంది. అది ఒక్కో ఫ్రేమును సగానికి విడదీసి 36 చిత్రాల రీలుపై 72 తీస్తుంది, అంటే మోయవలసిన రీళ్లు సగానికి తగ్గుతాయి.

పాత కెమెరా చేతికి వచ్చినప్పుడు వెనుక మూత తెరిచి, షట్టర్‌ను ఒక సెకను వేగంలో పెట్టి నొక్కి చూడాలి. లోపలి గరగర శబ్దం మధ్యలో తడబడకుండా, ఆగకుండా సాగాలి. తరువాత అర సెకను, పావు సెకను అలా అన్ని వేగాలూ వరుసగా వినాలి. మూత అంచుల్లోని నల్లని స్పాంజిని వేలితో తాకితే జిగటగా అంటుకున్నా, పొడిపొడిగా రాలినా దాన్ని మార్పించాలి, లేకుంటే వెలుగు లోపలికి కారుతుంది. లెన్స్‌ను వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే సాలెగూడు దారాల్లాంటి బూజు కనిపించిందంటే కొనకూడదు. రీలు వేశాక వైండ్ చేసేటప్పుడు ఎడమ వైపు రీవైండ్ పిడి కూడా తిరుగుతోందో లేదో ప్రతిసారీ చూడాలి. అది తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదని, తీసిన 36 చిత్రాలూ లేనట్టేనని అర్థం.

బరువు, ఖర్చు

రోజుకు పన్నెండు చిత్రాలకే పరిమితమైనా ఆరు నెలలకు అరవై రీళ్లు కావాలి. ఒక్కోటి సుమారు 30 గ్రాములు వేసుకుంటే రెండు కిలోలకు దగ్గర. ఇంత మొత్తం మొదటి రోజునే మోయనక్కరలేదు, పెద్ద నగరాల్లో కొనుక్కుంటూ పోవచ్చు. ఖర్చు లెక్కించేటప్పుడు రీలు ధర ఒక్కటే చూడకుండా, కడగడం, స్కాన్, నెగటివ్‌లు పంపే తపాలా ఖర్చు కూడా కలిపి 36తో భాగించి, ఒక్కో చిత్రం ఎంతకు పడుతుందో కాగితంపై రాసుకోవాలి. ఆ అంకెను అనుకున్న మొత్తం చిత్రాలతో గుణిస్తే, మంచి డిజిటల్ కెమెరా ధరను ఎన్నో నెలలో దాటుతామో తెలుస్తుంది.

బరువు ఎంత కఠినమైన నిర్ణయాలు చేయిస్తుందో తెలియాలంటే 1914లో మొదలైన షాకిల్‌టన్ దక్షిణ ధ్రువ యాత్రను చూడవచ్చు. ఎండ్యూరెన్స్ నౌక మంచులో చిక్కి పగిలిపోయాక, ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ తన గాజు నెగటివ్‌లలో సుమారు 120 మాత్రమే ఉంచుకుని, మిగిలిన నాలుగు వందల దాకా అక్కడే పగలగొట్టవలసి వచ్చింది. ఆ తరువాతి చిత్రాలన్నీ ఆయన ఒక చిన్న వెస్ట్ పాకెట్ కోడాక్‌తో, మూడు రీళ్లతో తీశాడు. మనకు అంత కష్టం రాదు కాని, రెండో బాడీ (లెన్స్ లేని కెమెరా), మూడో లెన్స్ సంచిలో వేసుకునేముందు ఆలోచించడానికి ఇది సరిపోతుంది. దీర్ఘ ప్రయాణానికి ఒక బాడీ, 35 లేదా 50 ఎంఎం లెన్స్ ఒకటి చాలు. వన్యప్రాణుల కోసం వెళ్లేవారు మాత్రమే దీనికి మినహాయింపు, వారికి డిజిటల్ తప్ప వేరే మార్గం నేను చెప్పలేను.

ఎవరికి ఏది

విమానాలు ఎక్కువగా ఎక్కేవారు, రెండు రోజులకో ఊరు మారేవారు, దారిలోనే చిత్రాలు పంపవలసిన పని ఉన్నవారు, రాత్రి వేళలు, గుడి లోపలి చీకటి, కదిలే మనుషులు తమకు ముఖ్యమైనవారు డిజిటల్ తీసుకోవాలి. రైళ్లలో, బస్సుల్లో, సైకిలుపై నేల మీదే సాగేవారు, ఒక్కో చోట వారాల తరబడి ఉండేవారు, రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ఇష్టపడనివారు ఫిల్మ్‌ను నిశ్చింతగా ఎంచుకోవచ్చు. విమానాశ్రయాలు తగ్గితే ఫిల్మ్ కష్టాల్లో పెద్దది పోతుంది. అంతేకాక, రోజుకు పన్నెండు చిత్రాల పరిమితి మనిషిని ఒకే సందులో అరగంట నిలబెడుతుంది. అలా నిలబడినప్పుడు కనిపించేవి నడిచిపోతూ చూసేవారికి కనిపించవని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

రెండూ కావాలనుకునేవారు సమానమైన రెండు కెమెరాలు మోయకూడదు. ప్రతి దృశ్యం ముందూ ఏది తీయాలన్న సందిగ్ధం వస్తుంది, చివరికి రెండూ సగం సగం పనే చేస్తాయి. ఫిల్మ్ కెమెరాను ప్రధానం చేసుకుంటే జేబులోని ఫోనే డిజిటల్ కెమెరా. అది మరో పనికీ వస్తుంది: ఫిల్మ్‌పై తీసిన ప్రతి ముఖ్యమైన చోటా ఫోన్‌తో కూడా ఒక చిత్రం తీస్తే, తేదీ, సమయం, స్థలం దానిలో నమోదవుతాయి. నెలల తరువాత నెగటివ్‌లు సర్దేటప్పుడు ఏ రీలు ఎక్కడిదో వెతుక్కునే పని ఉండదు. రీలు పూర్తవగానే దానిపై వరుస సంఖ్య, ఊరు పేరు రాసి, ఫిల్మ్ కొస పూర్తిగా లోపలికి వెళ్లేలా చుట్టేయాలి. కొస బయట ఉంటే వాడిన రీలునే మళ్లీ కెమెరాలో వేసే ప్రమాదం ఉంది.

నిర్ణయం తీసుకున్నాక, బయలుదేరడానికి కనీసం ఆరు వారాల ముందే కెమెరా కొని, సొంత ఊళ్లోనే రెండు వారాలు ప్రయాణంలో ఉన్నట్టే వాడాలి. ఫిల్మ్ అయితే రెండు రీళ్లు తీసి, కడిగించి, స్కాన్లు చూడాలి. చిత్రాల అంచుల్లో ఎర్రని చారలున్నా, ఫ్రేములు ఒకదానిపై ఒకటి ఎక్కినా బాగుచేయించడానికి ఇంకా నెల ఉంటుంది. డిజిటల్ అయితే ఆ రెండు వారాలూ గోడ ప్లగ్గు తాకకుండా పవర్ బ్యాంక్‌తోనే బ్యాటరీలు నింపుకుని, ప్రతి రాత్రీ రెండు నకళ్లూ తీయాలి. మూడో రోజుకే విసుగు పుడితే రోజుకు తీసే చిత్రాల సంఖ్యను తగ్గించుకోవాలి, లేదా రెండు కార్డుల కెమెరాకు మారాలి. చివరగా, కెమెరా, లెన్స్ సీరియల్ నంబర్లను, కొన్న రసీదునూ ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపి ఉంచాలి. వస్తువు పోయినప్పుడు పోలీసులూ, బీమా సంస్థా మొదట అడిగేవి అవే.